స్ప్రింగు సైకిలుకు కరెంటు మోటారు
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉగాది సభలో సైకిలును గురించి ప్రసంగమేమిటని కొందరు అనుకోవచ్చును. ఇప్పుడే పంచాంగ శ్రవణం అయినది. మా రాశికి ఆదాయ వ్యయాలతోపాటు రాజపూజ్యమెంతో, అవమానమెంతో కూడా విన్నాము. ఆ అవమానం పద్దులో కొంత ఈ రోజే ఇక్కడే చెల్లించుకొంటే మంచిదని కార్యదర్శిగారిని పది నిమిషాలు అడిగి తీసుకొన్నాము.

పోయిన ఉగాదికి ఈ హాలు ముందర మేము ఒక సైకిలు మీద తిరిగినది మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ముందు వెనుకల స్ప్రింగులు గల మౌంటెన్ సైకిలుకు మేమే స్వయంగా మోటారు బిగించాము. తొక్కకుండానే గేటు నుండి మెట్ల దాకా వచ్చేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దలు భుజం తట్టారు. ఆ తరువాత ఆ సైకిలు ఏమైనదో మేము ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాము.

మొదట ఈ సైకిలు ఎటువంటిదో తెలియనివారి కొరకు రెండు మాటలు. 1970 ప్రాంతాలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో మారిన్ అనే జిల్లా కుర్రవాళ్ళు పాత సైకిళ్ళకు లావు టైర్లు వేసి కొండదారులలో దిగడం మొదలుపెట్టారు. మౌంటెన్ సైకిలు అక్కడి నుండి ప్రపంచమంతా వ్యాపించినది. తరువాత కొన్నేళ్ళకు ముందు ఫోర్కులో స్ప్రింగు వచ్చినది. ఆపైన వెనుక చక్రానికి కూడా వచ్చినది. రెండువైపులా స్ప్రింగులున్న సైకిలులో వెనుక చక్రం ప్రధాన చట్రానికి నేరుగా అతికి ఉండదు. బందు మీద తలుపు తిరిగినట్లు ఒక కీలు మీద పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను చట్రం మధ్యనున్న షాకబ్జార్బరు అదుపులో పెడుతుంది. మామూలు సైకిలుకు సరిపడే పద్ధతి దీనికి సరిపడకపోవడానికి ఈ కీలే కారణం.

మేము ఈ సైకిలును ఒక స్నేహితుని వద్ద పాతదిగా కొన్నాము. 26 అంగుళాల చక్రాలు, అల్యూమినియం చట్రం, 14 కిలోల బరువు. ఆదివారాలు నృపతుంగ బెట్ట దాకా వెళ్ళి వచ్చేవారము. తరువాత బంతి ఆటలో మోకాలు బెణికి, అది సరిగా నయం కాక, సైకిలు గోడకు ఎక్కినది. డాక్టరుగారు తొక్కడం మానవద్దన్నారు గాని, మోకాలి మీద బరువు పడకూడదన్నారు. మన హుబ్బళ్ళిలో ఎత్తుపల్లాలు లేని దారి ఎక్కడున్నది? అప్పుడే మోటారు ఆలోచన వచ్చినది.

లెక్క వేస్తే ఆలోచన సబబుగానే ఉన్నది. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలనుకొందాము. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎక్కుడులో గంటకు 8 కిలోమీటర్ల చొప్పున పోవాలంటే సుమారు 200 వాట్ల శక్తి కావాలి. వ్యాయామం అలవాటు లేని సామాన్యుడు ఎడతెగకుండా ఇవ్వగలిగేది 75 నుండి 100 వాట్లు. మిగిలినది మోటారు ఇస్తే మోకాలు బ్రతుకుతుంది. 90 కిలోలను 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసినది 25 వాట్ అవర్లకు కొంచెం తక్కువ. మోటారులో, చైనులో పోయే నష్టం కలిపితే 33 అనుకోవచ్చును. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు గల బ్యాటరీలో 360 వాట్ అవర్లు ఉంటాయి. అంటే మన ఊరి దిబ్బలకు ధారాళంగా సరిపోతుంది.

ఇక మోటారు ఎక్కడ పెట్టవలెను? ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895లోనే వెనుక చక్రపు హబ్బులో మోటారు పెట్టి పేటెంటు పొందాడు. 1897లో హోసియా లిబ్బీ అనే ఆయన పెడళ్ళ ఇరుసు దగ్గర మోటారు పెట్టి మరొక పేటెంటు పొందాడు. నేటికీ ముఖ్యమైన చోట్లు ఆ రెండే. హబ్బు మోటారు చవుక, బిగించడం సులువు. చక్రం మార్చి వైర్లు కలిపితే చాలును. పెడళ్ళ మోటారు ఖరీదు ఎక్కువ, పని ఎక్కువ. మాది చీటీ పాడిన డబ్బు. అందులోనూ మా ఆవిడ మిక్సీ కొరకు దాచమన్న డబ్బు. కాబట్టి బోల్టన్ గారి దారే పట్టాము.

మూడున్నర కిలోల హబ్బు మోటారు వెనుక చక్రంలోకి వచ్చినది. షాకబ్జార్బరు అడ్డం రావడం వలన బ్యాటరీకి చట్రంలో చోటు లేదనిపించి, సీటు గొట్టానికి ఒక క్యారియరు తగిలించి దానిమీద పెట్టాము. ఒక్క సాయంత్రంలో పని ముగిసినది. మీరు చప్పట్లు కొట్టినది ఆ సైకిలుకే.

వారం తిరగకుండానే లోపాలు కనిపించినాయి. గతుకులో వెనుక చక్రం ఎగిరిపడేది. రెండు స్పోకులు తెగినాయి. క్యారియరు అటూ ఇటూ ఊగేది. మేము ప్రతిసారీ ఏదో ఒక నట్టు బిగించి, అంతా బాగున్నదని మాకు మేమే చెప్పుకొన్నాము. నలుగురిలో మెప్పు పొందిన వస్తువులో తప్పున్నదని ఒప్పుకోవడం కష్టం.

శ్రావణ మాసంలో ఒక సాయంత్రం ఉణకల్ చెరువు దాటి ధార్వాడ రోడ్డు మీద ఎక్కుడు ఎక్కుతున్నాము. మోటారు పూర్తి బలంతో నడుస్తున్నది. టప్పున ఒక శబ్దం వినబడినది. వెనుక చక్రం ఓరగా తిరిగి చట్రానికి పట్టుకొన్నది. సైకిలు కుడివైపుకు, అంటే రోడ్డు మధ్యకు, పడినది. వెనుక వస్తున్న లారీ డ్రైవరు ఎలా ఆపాడో తెలియదు గాని ఆపాడు. బంపరుకూ మా తలకూ మధ్య ఒక బారెడు ఉండవచ్చును. ఆయన దిగి కన్నడంలో నాలుగు తిట్టి, తరువాత తానే లేవదీసి నీళ్ళు ఇచ్చాడు.

జరిగినదేమంటే, హబ్బు మోటారులో ఇరుసు తిరగదు, చక్రం తిరుగుతుంది. మోటారు చక్రాన్ని ముందుకు ఎంత బలంగా త్రిప్పుతుందో, ఇరుసును వెనుకకు అంత బలంగానే త్రిప్పుతుంది. ఇరుసు రెండు వైపులా చదునుగా అరగదీసి ఉంటుంది. చట్రం చీలికలో ఆ చదును పట్టుకొని ఆపవలెను. ఆ చదునుల మధ్య వెడల్పు 10 మిల్లీమీటర్లే. 40 న్యూటన్ మీటర్ల మోటారు లాగినప్పుడు ఆ చిన్న అంచుల మీద పడే ఒత్తిడి సుమారు 400 కిలోల బరువుతో సమానం. ఉక్కు చట్రమైతే కొంత ఓర్చుకొంటుంది. మెత్తని అల్యూమినియం చీలిక విచ్చుకొన్నది, ఇరుసు గిర్రున తిరిగినది, వైర్లు మెలిపడి తెగినాయి, కంట్రోలరు కాలినది. ఇరుసు తిరగకుండా చట్రానికి కట్టే టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. మేము దానిని తెప్పించాము కూడా. రంధ్రాలు కుదరలేదని పెట్టెలోనే వదిలివేశాము. కాబట్టి తప్పు మోటారుది కాదు, అమ్మినవారిదీ కాదు. మాదే.

ఇంటికి వచ్చి మా ఆవిడకు ఆఫీసు మెట్ల మీద జారామని చెప్పాము. సంఘంలో అడిగినవారికి కూడా అదే చెప్పాము. ఈ అబద్ధం మూడు నెలలు నడిచినది.

ఈ మధ్యలో లోకో షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయనకు విరిగిన చట్రం చూపించాము. గుంతకల్లు నుండి బదిలీ అయి వచ్చినవారు. మేము అన్నగారని పిలుస్తాము. ఆయన చూసి నవ్వారు.

“తమ్ముడూ, రోజూ ఇంజన్ల కాగితాలు వ్రాస్తావు. ఒకసారి ఇంజన్ల కిందికి వంగి చూడలేదా?” అన్నారు.

తరువాత విడమరచి చెప్పారు. వాప్-4 వంటి ఇంజన్లలో మోటారు ఒక వైపు బోగీ చట్రం మీద, మరొక వైపు నేరుగా ఇరుసు మీద ఆనుకొని ఉంటుంది. ఇరుసు మీద పడే భాగానికి కిందనున్న పట్టా దెబ్బ సూటిగా తగులుతుంది, స్ప్రింగు అడ్డం రాదు. 1995లో మన దేశానికి వచ్చిన వాప్-5 ఇంజన్లలో మోటార్లను పూర్తిగా బోగీ చట్రానికే బిగించారు. ఎక్కువ వేగంతో పోయే ఇంజను గనుక, స్ప్రింగు కింద ఉండే బరువును తగ్గించారు.

“నీవు ఇంత డబ్బు పోసి స్ప్రింగు సైకిలు కొన్నది చక్రం తేలికగా ఆడడానికే కదా? ఆ చక్రానికే మూడున్నర కిలోలు కట్టితివి. గతుకు వచ్చినప్పుడు చక్రం గబుక్కున లేచి గబుక్కున దిగవలెను. బరువు చక్రం దిగడం ఆలస్యమవుతుంది. అంతసేపు నేల మీద పట్టు ఉండదు. బరువేదైనా స్ప్రింగు పైన పెట్టు, అదీ నడుమన, కిందుగా పెట్టు,” అన్నారు.

అంతా అర్థమైనది. అయినా పడిన సంగతి ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మన సంఘం సభ్యులలోనే ఒకరి అబ్బాయి, కాలేజీలో చదువుకొంటున్నవాడు, ఒక ఆదివారం ఒక పెట్టె పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. “బాబాయిగారూ, ఉగాదినాడు మీ సైకిలు చూసినప్పటి నుండీ అనుకొంటున్నాను. మీరు పెట్టిన మోటారే తెప్పించాను. బిగించి పెట్టండి,” అన్నాడు. వాని సైకిలు కూడా స్ప్రింగులదే, అల్యూమినియందే. స్కాలర్‌షిప్పు డబ్బుతో కొన్నాడట.

మా ఆవిడ కాఫీ తెచ్చి అక్కడే నిలబడినది. ఆ పెట్టె చూస్తే మాకు లారీ బంపరు కనిపించినది. ఇక దాచలేక ఇద్దరి ముందూ జరిగినదంతా చెప్పాము. అబ్బాయి తల వంచుకొన్నాడు. మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, “మిక్సీ పోతే పోనీయండి. ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఈ పిల్లవాడు ఈ డబ్బు ఖర్చు పెట్టేవాడా?” అన్నది. దానికి మా దగ్గర జవాబు లేకపోయినది. అందుచేతనే ఈ ప్రసంగం.

ఆ మోటారు వృథా కాలేదు. వాళ్ళ నాన్నగారి పాత ఉక్కు సైకిలుకు, రెండు వైపులా టార్క్ ఆర్ములు కట్టి, బిగించాము. చదునైన రోడ్డు మీద అది చక్కగా నడుస్తున్నది. హబ్బు మోటారు చెడ్డదని మేము అనము. దానికి తగిన సైకిలు వేరు.

మా చట్రం వెనుక భాగం పాతది ఒకటి దొరికితే మార్చి, దసరా నాటికి పని మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టాము. ఈసారి ఏ వరుసలో చేశామో చెబుతాము. చేయదలచినవారు వ్రాసుకోవచ్చును.

మొదటిది బ్రేకులు. మోటారు ఇంకా కొనకముందే ముందు చక్రపు డిస్కును 160 మిల్లీమీటర్ల నుండి 180కి మార్చాము. ప్యాడ్లు కొత్తవి వేశాము. బ్రేకు నొక్కగానే మోటారు ఆగిపోయే స్విచ్చి రెండు లివర్లకూ పెట్టాము. వేగం మీద మోజున్న పిల్లలు ఒక లెక్క గుర్తుంచుకోండి. గంటకు 25 కిలోమీటర్ల వేగం మీద ఆపడం కంటే 40 మీద ఆపడానికి బ్రేకు మింగవలసిన శక్తి రెండున్నర రెట్లు.

రెండవది కొలతలు. పెడళ్ళ మోటారు, పెడళ్ళ ఇరుసు దూరే గొట్టంలో కూర్చుంటుంది. ఆ గొట్టం వెడల్పు 68 లేక 73 మిల్లీమీటర్లుండి లోపల మర ఉంటే సాధారణంగా కుదురుతుంది. మర లేకుండా అదిమి కూర్చోబెట్టే రకాలకు వేరే అమరిక కావాలి. స్ప్రింగు సైకిలులో వెనుక చట్రపు కీలు ఆ గొట్టం పక్కనే ఉంటుంది. కాబట్టి షాకబ్జార్బరులోని గాలి అంతా తీసివేసి, సీటు మీద బరువు వేసి, వెనుక చట్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు మోటారుకు గాని, పళ్ళచక్రానికి గాని తగులుతుందేమో చూడవలెను. మేము మోటారు కొలతకు అట్టముక్క కత్తిరించి పెట్టి చూశాము. చైను పొడుగు కూడా ఆ స్థితిలోనే కొలవవలెను. చాలా చట్రాలలో వెనుక చక్రం పైకి లేచినప్పుడు చైనుకు పొడుగు ఎక్కువ కావలసివస్తుంది. నిలబడి ఉన్న సైకిలుకు కొలిచి చైను కత్తిరిస్తే మొదటి గుంటలోనే పట్టుకొంటుంది.

మూడవది బిగింపు. పాత ఇరుసు విప్పేటప్పుడు కుడివైపు మర ఎదురు తిరుగుతుంది. ఆ సంగతి మరచి గంటసేపు విప్పుతున్నామనుకొని బిగించాము. మోటారు బిగించిన తరువాత 50 కిలోమీటర్లు తిరిగి వచ్చి దాని లాక్ రింగును మళ్ళీ బిగించవలెను. ఈ మోటారు కూడా లాగేటప్పుడు తన ఒడలిని త్రిప్పుకోవాలనే చూస్తుంది. అయితే ఇక్కడ దానిని ఆపడానికి చట్రపు కింది గొట్టం ఉన్నది.

నాల్గవది బ్యాటరీ చోటు. షాకబ్జార్బరుకు తగలకుండా సన్నని బ్యాటరీని కింది గొట్టం మీద, నీళ్ళసీసా తగిలించే మరలకు అదనంగా రెండు పట్టీలు వేసి కట్టాము. రెండున్నర కిలోల బరువును ఆ రెండు చిన్న మరలకే వదలకూడదు.

ఐదవది షాకబ్జార్బరు గాలి. మోటారు, బ్యాటరీ కలిపి ఆరున్నర కిలోలు పెరిగినది. మనం కూర్చున్నప్పుడు షాకబ్జార్బరు తన ఆటలో నాల్గవ వంతు నుండి మూడింట ఒక వంతుకు కొంచెం తక్కువ దాకా దిగవలెను. మా దానిలో ఆట 50 మిల్లీమీటర్లు. కాబట్టి 12 నుండి 15 దిగేటట్లు పంపు కొట్టాము.

ఆరవది అలవాటు. ఈ మోటారు బలమంతా చైను ద్వారా పోతుంది. ఎక్కుడు రాకముందే చిన్న గేరు వేసుకోవలెను. గేరు మార్చేటప్పుడు క్షణం తొక్కుడు సడలించవలెను. లేకపోతే చైను తెగుతుంది. ఇందులో లాభం కూడా ఉన్నది. హబ్బు మోటారు నిట్ర ఎక్కుడులో నెమ్మదించినప్పుడు కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. పెడళ్ళ మోటారు మనతోపాటు గేర్లను వాడుకొని, తన సరియైన వేగంలోనే తిరుగుతూ ఉంటుంది.

బ్యాటరీ విషయంలో తల్లులు కూడా వినవలెను. లిథియం సెల్లులలో ఒక్కొక్కటి 3.6 వోల్టులు. పది వరుసగా కలిపితే 36, నిండా చార్జి అయితే 42. ఆ 42 వోల్టుల చార్జరు తప్ప వేరొకటి తగిలించరాదు. సెల్లులు విడిగా కొని ఇంట్లో అతికించే ప్రయత్నం చేయరాదు. కిందపడి సొట్టపోయిన బ్యాటరీని, నీళ్ళలో తడిసినదానిని మళ్ళీ చార్జి పెట్టరాదు. రాత్రి అందరూ నిద్రపోయాక చార్జి చేయరాదు. వాకిలి దగ్గర, మెట్ల కింద అసలు పెట్టరాదు. మంట లేస్తే బయటికి పోయే దారి అదే గదా! మా ఇంట్లో గచ్చు నేల మీద, గుడ్డలకూ కాగితాలకూ దూరంగా, మనిషి మెలకువగా ఉన్నప్పుడే చార్జి అవుతుంది.

చట్టం సంగతి. మన దేశపు మోటారు వాహనాల నిబంధనల ప్రకారం తొక్కే సైకిలుకు పెట్టే మోటారు 30 నిమిషాల శక్తి 250 వాట్లకు లోపుగా ఉండవలెను. వేగం 25 కిలోమీటర్లు చేరేలోగా గాని, తొక్కడం ఆపగానే గాని మోటారు ఆగిపోవలెను. తగిన బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు ఉండవలెను. ఇవన్నీ ఉన్నాయని నియమిత పరీక్షా సంస్థ ధ్రువపరచినప్పుడే అది మోటారు వాహనం కాదని లెక్క. ఇంట్లో బిగించుకొన్నదానికి అటువంటి కాగితం ఉండదు. కాబట్టి రోడ్డు మీదికి తెచ్చే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో విచారించుకోవడం మంచిది. పోయిన ఉగాదికి మేము తొక్కకుండా తిరిగిన త్రాటిల్ ఇప్పుడు తీసివేశాము.

ఇప్పుడు ఆ సైకిలు బయట వేపచెట్టు కింద ఉన్నది. నెలకు నాలుగు ఆదివారాలు బెట్ట దాకా వెళుతున్నాము. మోకాలు సహకరిస్తున్నది. గతుకులో వెనుక చక్రం నేలను వదలడం లేదు. సభ ముగిసిన తరువాత చూడదలచినవారు చూడవచ్చును. పాత చట్రంలో విచ్చుకొన్న చీలికను కూడా సంచిలో తెచ్చాము. సైకిలు కంటే ముందు దానిని చూడవలసినదిగా పిల్లలను కోరుతున్నాము.

మీలో ఎవరైనా ఇటువంటి పని చేయదలచుకొంటే, మోటారు కొన్న తరువాత కాదు, కొనక ముందే మా ఇంటికి రండి. ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాము. మీ సైకిలు తీసుకొని రండి, అట్టముక్క మేము ఇస్తాము. మా ఆవిడ కాఫీ ఇస్తుంది. మిక్సీ కూడా సంక్రాంతికి వచ్చినది.